చవక ఫిల్టరుతో చిన్న ప్రపంచం

ప్రశ్న: చిన్నవాటిని పెద్దగా ఫొటో తీసే మాక్రో లెన్సు కొనే స్తోమత లేదు. చవకగా దొరికే క్లోజప్ ఫిల్టర్లు పనికొస్తాయా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా పనికొస్తాయమ్మా. ఇవి కెమెరా లెన్సు ముందు బిగించే భూతద్దాల్లాంటివి. నేనూ వాటితోనే మొదలుపెట్టాను. మా పెరటి కరివేపాకు రెమ్మ మీద సీతాకోకచిలుక గుడ్డును తొలిసారి పెద్దగా చూసింది +4 శక్తి ఉన్న ఫిల్టరుతోనే. ఆవగింజ కన్నా చిన్నది, లేత పసుపు ముత్యంలా మెరిసింది! లెన్సును అనంతానికి (అతి దూరానికి) ఫోకస్ చేస్తే +4తో 25 సెంటీమీటర్ల దూరంలో, +10తో 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవి స్పష్టంగా పడతాయి. +10 జోలికి అప్పుడే వెళ్లకండి; అంచులు అలుక్కుపోతాయి, రంగు జీరలు కనిపిస్తాయి. అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. కొనే ముందు లెన్సు మూత లోపలివైపు 52 అనో 58 అనో ఉండే మిల్లీమీటర్ల అంకె చూసుకోండి; ఫిల్టరు కొలత కూడా అదే ఉండాలి. గుడ్డు దొరికితే ఆకు మాత్రం తెంపకండి.