రాయి వయసు కట్టించే ముందు

అమ్మాయీ,

శాంపిళ్లు ఏరి ల్యాబ్‌కి పంపే పని ఈసారి నీకే అప్పగించారని తెలిసింది. టెన్షన్ పడకు. ల్యాబ్ ఏదో ఒక అంకె ఎలాగూ ఇస్తుంది. ఆ అంకె దేని వయసన్నది మాత్రం నువ్వే ముందు తేల్చుకోవాలి. ఖనిజం పుట్టినప్పటిదా, రాయి గట్టిపడినప్పటిదా, తర్వాతెప్పుడో కాగి చల్లారినప్పటిదా? ఒకే రాయిలో ఈ మూడింటికీ మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉండొచ్చు.

మెషీన్ సంగతి తర్వాత, ముందు పొరలు చదువు. కింది పొర పాతది, పైది కొత్తది అని స్టెనో అనే శాస్త్రవేత్త 1669లోనే చెప్పాడు. పొరల్ని చీల్చుకుని వచ్చిన డైక్, అంటే కరిగిన శిల పగుళ్లలోకి దూరి గట్టిపడ్డ గోడలాంటిది, వాటన్నిటికన్నా చిన్నది. నేల ముడతపడ్డ చోట మాత్రం పొరలు తలకిందులై ఉండొచ్చు, అక్కడ తొందరపడకు. బురద ఎండి పగిలిన బీటలు కనిపిస్తే వంగి చూడు. బీట కిందికి పోయే కొద్దీ సన్నబడుతుంది. సన్నటి మొన ఆకాశం వైపు ఉందంటే ఆ పొర బోర్లా పడిందన్నమాట.

శిలాజం దొరికితే అది ఏ కాలపుదో చెప్పేయొచ్చనుకుంటారు. అన్నీ పనికిరావు. కొద్ది కాలమే బతికి, చాలా దూరం వ్యాపించిన జీవి కావాలి. అమ్మోనైట్లనే పాత సముద్ర జీవుల గుల్లలకు అంత విలువ అందుకే. అయినా అవి వరసే చెబుతాయి, ఏళ్లు చెప్పవు.

ఏళ్లు కావాలంటే అగ్నిపర్వత బూడిద వెతుకు, అందులోని ఖనిజాల వయసు దాదాపు ఆ బూడిద రాలిన కాలమే. శిలాజానికి కింద ఒక బూడిద పొర, పైన ఒకటి దొరికితే నీ పంట పండినట్టే. జీవి బతికిన కాలం ఆ రెండింటి మధ్య చిక్కుతుంది. శిలాజమున్న ఇసుకరాయినే నూరి అందులోని జిర్కాన్ అనే ఖనిజపు గింజల వయసు కట్టిస్తే సరిపోదా అంటావేమో. పాత ఇటుకలతో కట్టిన ఇంటికి ఇటుక వయసు రాస్తామా? పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికింది. దాన్ని మోస్తున్న రాయి దానికంటే వంద కోట్ల ఏళ్లకు పైగా చిన్నది. ఇసుకరాయిలోని అన్నిటికన్నా చిన్న జిర్కాన్ చెప్పేది ఒక్కటే, రాయి అంతకంటే పాతది కాదని.

జిర్కాన్‌ని అందరూ అంతగా నమ్మడానికి కారణముంది. స్ఫటికం పెరిగేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసం దాదాపుగా యురేనియం క్షీణించి తయారైందే. పైగా రెండు గడియారాలు ఒకేచోట నడుస్తుంటాయి. యురేనియం-238 అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది 70.4 కోట్లు. రెండూ ఒకే వయసు చెబితే మంచిదే. చెప్పకపోతే సీసం కారిపోయిందేమో, రెండు కాలాల భాగాలు కలిశాయేమో చూడాలి. కొలవడానికి గింజ మీద లేజర్ పెట్టే ముందు దాని లోపలి ఫొటో అడుగు. నడిమధ్య పాత గుండె, చుట్టూ కొత్త అంచు ఉండే గింజలు బోలెడు. లేజర్ చుక్క రెండింటి మీదా పడితే వచ్చే వయసు ఎవరిదీ కాదు.

పొటాషియం క్షీణించి ఆర్గాన్‌గా మారడాన్ని కొలిచే పొటాషియం-ఆర్గాన్ పద్ధతితో ఇంకో చిక్కు. ఆర్గాన్ వాయువు, రాయి వేడెక్కితే జారిపోతుంది, వయసు తక్కువ కనిపిస్తుంది. ఇక కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లే. సుమారు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. డైనోసార్ ఎముకకి కార్బన్ డేటింగ్ చేయించమని ఎవరైనా అడిగితే మర్యాదగా తప్పుకో.

శాంపిల్ తీసేటప్పుడు గాలికీ వానకీ వడలిన పైచెక్కు కొట్టేసి తాజా రాయి తీసుకో. ఒక్కో పొరకీ వేరే సంచి వాడు, సుత్తి ప్రతిసారీ తుడువు. విసుగ్గానే ఉంటుంది. కానీ 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని లెక్క తేల్చిన ప్యాటర్సన్, గాల్లోని సీసం నమూనాలో కలవకుండా చూడటానికే ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు.

రిపోర్టు వచ్చాక ప్లస్-మైనస్ చూసి మురిసిపోకు. అది కొలతలోని తేడా మాత్రమే. నువ్వు తప్పు పొర నుంచి తీసిన సంగతి దానికి తెలియదు. శాంపిళ్లు ప్యాక్ చేసేలోగా పొరల బొమ్మ గీసి, ఏ సంచి ఎక్కడిదో గుర్తుపెట్టి నాకు పంపు, ఒకసారి చూస్తాను.

మీ బాబాయ్