ట్రాక్షన్ లైటు: మిణుకుమంటే ఒకటి, నిలిచి వెలిగితే మరొకటి

ప్రశ్న: ఇదివరకు వానలో మాత్రమే డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ మిణుకుమనేది. ముందు చక్రం బేరింగ్ మార్పించినప్పటి నుంచి అదీ, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటూ వెలిగి ఆరడం లేదు. చక్రం దగ్గరి సెన్సర్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. మార్పించేయమంటారా? ఈలోగా బండి నడపొచ్చా?

జవాబు: తొందరపడి సెన్సర్ కొనకండి. వానలో మిణుకుమనడం లోపం కాదు. చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగితే ట్రాక్షన్ కంట్రోల్ ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజన్ జోరు తగ్గిస్తుంది. ఆ పని జరుగుతోందనడానికే ఆ మిణుకు.

ఇప్పటిది వేరు. ఏబీఎస్, ట్రాక్షన్ రెండూ చక్రాల దగ్గరున్న స్పీడ్ సెన్సర్ల మీదే ఆధారపడతాయి. ఒక్కదాని లెక్క అందకపోయినా రెండు లైట్లూ వెలుగుతాయి. బేరింగ్ మార్చగానే మొదలైందంటే నా అనుమానం బేరింగ్ మీదే. చాలా కార్లలో బేరింగ్‌కు ఒక పక్క సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సర్ వైపు రావాలి. తిరగేసి బిగిస్తే చక్రం మామూలుగానే తిరుగుతుంది, సెన్సర్‌కు మాత్రం ఏమీ అందదు. ఆ రింగుకు పళ్లుండవు, మామూలు సీలులాగే కనిపిస్తుంది. అందుకే పొరపాటు జరుగుతుంది. సెన్సర్ వైరు నలిగిందా, కనెక్టర్ సరిగా కూర్చుందా అన్నదీ చూడమనండి.

ఏబీఎస్ కోడ్లు (లోపం ఎక్కడుందో సూచించే సంకేతాలు) చదివే స్కానర్ కావాలి; ఇంజన్ కోడ్లు మాత్రమే చూపేది పనికిరాదు. 20-30 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడుపుతూ నాలుగు చక్రాల వేగాలూ చూస్తే, సున్నా చూపేదో, ఎగిరిపడేదో దొరికిపోతుంది. కొత్తరకం యాక్టివ్ సెన్సర్లను (కరెంటు అందితేనే పనిచేసేవి) మల్టీమీటర్ ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచేలా, పెట్టి పరీక్షించనివ్వకండి, దాంతో ఏమీ తేలదు.

పసుపు లైట్లే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, నెమ్మదిగా నడపొచ్చు. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు కనుక ముందు బండికి ఎక్కువ దూరం వదలండి. ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే ఆపేయండి.

ప్రశ్న: బురదలో కూరుకుపోయినప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా ఇంజన్ జోరందుకోదు. ఎందుకు?

జవాబు: చక్రం తిరిగిపోతోందని ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్‌ను అణచిపెడుతుంది. బటన్‌తో దాన్ని ఆపి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపి బయటకు తీయండి. గట్టి నేల తగలగానే మళ్లీ ఆన్ చేయండి.