చిత్తూరు పిన్‌కోడ్ 517001 ప్రధాన సంఖ్య కాదండీ

517001 ప్రధాన సంఖ్యే అన్నారు మీరు. 13 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ శేషం లేకుండా పోలేదని ఆపేశారు, చిక్కంతా అక్కడే. 517001 వర్గమూలం 719 చిల్లర, అంతవరకూ చూడాల్సిందే.

1. వెనక నుంచి మూడేసి అంకెలు విడగొట్టి కూడండి: 517 + 001 = 518, అంటే 37 × 14. 999 కూడా 37తో పోతుంది కాబట్టి, ఈ మొత్తం 37తో పోతే అసలు సంఖ్యా పోతుంది, అదే కిటుకు.

2. 517001 ÷ 37 = 13973.

3. అందరూ మరిచేది ఇదే: ఇక 719తో పనిలేదు. హద్దు ఇప్పుడు 13973 వర్గమూలం, 118. మీరు 13 దాకా చూసేశారుగా, 17 నుంచి ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించండి. 83తో కూడా శేషం మిగులుతుంది, విసుగొస్తుంది. 89తో తెగుతుంది.

4. 13973 = 89 × 157. 157 వర్గమూలం 13 లోపే, 13 దాకా ముందే చూసేశారు, కాబట్టి అది ప్రధాన సంఖ్యే.

517001 = 37 × 89 × 157.