దొంగతనం కేసు: ఫైన్ కట్టి వదిలించుకోవాలా, రాజీ పడాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ ఫైనలియర్. కిందటేడు కాలేజీ గ్రౌండ్‌లో తోటి విద్యార్థి బ్యాగులోంచి సెల్‌ఫోన్ తీశాడు. దాని ఖరీదు 12,000 రూపాయలు. ఫోన్ తిరిగి ఇచ్చేశాం. అయినా కేసు పెట్టారు, ఛార్జిషీటు కూడా వేశారు. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఒక్కరోజులో అయిపోతుందని కోర్టు దగ్గర ఒకాయన చెబుతున్నాడు. వాడికి ఎస్సై కావాలని ఆశ. సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ అప్లై చేస్తున్నాడు. ఈ కేసు రికార్డులోంచి పూర్తిగా తీసేయించే దారి ఉందా?

జవాబు: అమ్మా, వాయిదా రోజున తప్పు ఒప్పించి ఫైన్ కట్టించే పని మాత్రం చేయకండి. ట్రాఫిక్ చలానా కట్టినట్టు కట్టేసి బయటపడొచ్చని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కోర్టులో నేరం ఒప్పుకుంటే, వేసింది 500 రూపాయల జరిమానాయే అయినా, అది శిక్ష పడిన కేసే. ఆ తర్వాత ఏ ఉద్యోగం ఫారంలోనైనా ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా, జరిమానా వేశారా’ అన్నచోట వాడు అవునని రాయాల్సి వస్తుంది. పైగా ఇది దొంగతనం. నిజాయతీకి సంబంధించిన నేరం కాబట్టి, ఏదో గొడవలో కొట్టుకున్న కేసు కన్నా దీనికే ఉద్యోగాలిచ్చేవాళ్లు ఎక్కువ వెనకాడతారు.

మీరు అడిగినట్టు పూర్తిగా చెరిపేసే చట్టం మన దేశంలో 18 ఏళ్లు దాటినవాళ్లకు లేదు. డబ్బిస్తే రికార్డు తీయించేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. మన చేతిలో ఉన్నదల్లా కేసు ఏ విధంగా ముగుస్తుందనేది. మీ కేసులో అందుకు మంచి అవకాశమే ఉంది.

ఎఫ్ఐఆర్ కాపీ తీసి సెక్షన్ ఏమిటో చూడండి. మీరు చెప్పినదాన్నిబట్టి భారతీయ న్యాయ సంహిత 303(2) అయి ఉండాలి. 2024 జులై 1కి ముందు జరిగినవాటికి ఐపీసీ 379 వేసేవారు. ఈ సెక్షన్ కింద వస్తువు సొంతదారు రాజీకి ఒప్పుకుంటే కేసు అక్కడితో ముగించుకోవచ్చు, దానికి కోర్టు అనుమతి కూడా అడగనక్కర్లేదు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత, 359వ సెక్షన్‌లో ఇది ఉంది. అలా రాజీ పడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టేనని అదే సెక్షన్ చెబుతోంది. ఫైన్ కడితే దోషి, రాజీ పడితే నిర్దోషి. మీ అబ్బాయి భవిష్యత్తుకు ఇంతకన్నా పెద్ద తేడా లేదు.

అందుకని ఆ ఫోన్ పోయిన అబ్బాయి ఇంటికి మీరూ మీ అబ్బాయీ కలిసి వెళ్లండి. వాడే నోరు తెరిచి క్షమాపణ అడగాలి. మధ్యవర్తులను పంపడం, ఫోన్ ఇచ్చేశాం కదా ఇంకేంటని వాదించడం, ఒత్తిడి చేయడం ఏవీ వద్దు. ఆ పిల్లాడు నష్టపోయినవాడు, అతనికి కోపం ఉండడం న్యాయం. ఆ కుటుంబం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాక లాయరుతో రాజీ మెమో రాయించి, ఇద్దరూ మేజిస్ట్రేట్ ముందు హాజరు కావాలి. దగ్గర్లో జాతీయ లోక్ అదాలత్ (రాజీతో కేసులు తేల్చే ప్రత్యేక కోర్టు) తేదీ ఉంటే అక్కడైనా చేసుకోవచ్చు. అయితే జాగ్రత్త, లోక్ అదాలత్ రోజుల్లో చిన్న కేసులు చాలావరకు నేరం ఒప్పించి, ఫైన్ కట్టించి కూడా మూసేస్తుంటారు. సంతకం పెట్టే ముందు కాగితంలో రాజీ అని ఉందో, నేరం ఒప్పుకున్నట్టు ఉందో చదవండి. లాయరు ఖర్చు భారమనిపిస్తే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు.

ఒకవేళ ఎఫ్ఐఆర్‌లో 305 సెక్షన్ ఉంటే, అంటే నివాసంలోంచో బస్సులోంచో తీశాడని రాస్తే, దానికి మేజిస్ట్రేట్ కోర్టులో రాజీ కుదరదు. అప్పుడు ఫిర్యాదుదారు సమ్మతితో హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని కోరే పిటిషన్, వేయాలి. వ్యక్తుల మధ్య తేలిపోయే ఇలాంటి కేసులను హైకోర్టు కొట్టేయవచ్చని 2012లో గ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రాజీ కుదరకపోతే? కేసు నడిచి నేరం రుజువైనా, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మందలించో, సత్ప్రవర్తన బాండ్ రాయించుకునో వదిలేయమని లాయరు అడగాలి. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. కానీ నేరం రుజువైందన్న మాట అలాగే ఉంటుంది. అందుకే దీన్ని ఆఖరి దారిగానే చూడండి.

అరెస్టు చేసినప్పుడు వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని ఉంటే అది వేరే సంగతి. 2022లో వచ్చిన చట్టం ప్రకారం వాటిని 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. కానీ ముందు ఏ శిక్షా పడనివాళ్లు నిర్దోషిగా విడుదలై, ఆ తీర్పు అంతిమమైతే వాటిని తీసేయాలని అదే చట్టంలో ఉంది. తీర్పు కాపీ జతచేసి రాతపూర్వకంగా అడగండి. మన దగ్గర రికార్డు తీయించడమంటూ ఉంటే దానికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే.

ఇక ఎస్సై ఉద్యోగం. ఇక్కడ మీకు కష్టమైన మాటే చెప్పాలి. రాజీతో వచ్చిన విడుదలను పోలీసు శాఖ పూర్తి నిర్దోషిత్వంగా చూడనక్కర్లేదని 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. పరీక్ష, ఈవెంట్స్ అన్నీ దాటాక కూడా వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. రాయవద్దని అనను. కానీ నాలుగేళ్లు దాని కోసమే కోచింగ్‌లో కూర్చోబెట్టకండి. బ్యాంకు, ఇతర సర్కారు కొలువులు, ప్రైవేటు వైపు ప్రయత్నాలు పక్కనే సాగాలి.

ఏ ఉద్యోగానికైనా అటెస్టేషన్ ఫారంలో, అంటే సొంత వివరాలు రాసి సంతకం పెట్టి ఇచ్చే ఫారంలో, అడిగిన ప్రశ్నకు నిజం రాయాలి. కేసుకన్నా దాచడమే ఎక్కువమందిని ముంచుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది: కుర్రతనంలో చేసిన చిన్న తప్పును యాజమాన్యం విచక్షణతో వదిలేయవచ్చు, నిజం చెప్పినా కూడా ఆ అభ్యర్థి తగినవాడా కాదా అని చూసే హక్కు యాజమాన్యానికి ఉంటుంది. అయితే ప్రశ్న ఏమడిగిందో జాగ్రత్తగా చదవండి. ‘శిక్ష పడిందా’ అని మాత్రమే అడిగితే, రాజీ అయిన కేసులో ‘లేదు’ అని రాయాలి. ‘ఎప్పుడైనా అరెస్టు చేశారా, కేసు నమోదైందా’ అని అడిగితే ‘అవును’ అని, వివరంతో సహా రాయాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కోర్టు రికార్డులు కూడా వెతుకుతారు. ఈ-కోర్టుల సైట్‌లో పేరు కొడితే కేసు కనిపిస్తుంది. కాబట్టి క్యాంపస్ సీజన్ మొదలయ్యేలోగా రాజీ పూర్తయితే మంచిది. పెండింగ్ అని కనిపించడం కన్నా ముగిసిందని కనిపించడం చాలా నయం. పాస్‌పోర్టుకూ అంతే. కోర్టులో కేసు నడుస్తుంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి, ముగిశాక ఆ అడ్డు ఉండదు. ఎమ్మెస్ ఆలోచన ఉంటే, అమెరికా వీసా ఫారంలో అరెస్టుల గురించి అడుగుతారు. అక్కడ కూడా దాచకూడదు.

అన్నట్టు, ఇది చదువుతున్న ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. నేరం జరిగిన రోజుకు 18 నిండకపోతే దారి పూర్తిగా వేరు. అది జువెనైల్ జస్టిస్ బోర్డు చూడాల్సిన కేసు. 2015 చట్టం ప్రకారం అనర్హత అంటదు, ముగిసిన కేసు వివరాలను పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం బయటపెట్టకూడదు. పదో తరగతి మెమోలోని పుట్టినతేదీ చూసుకోండి.

మీ విషయానికొస్తే, రాజీ నమోదైన రోజే తీర్పు సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి, మూడు నాలుగు తీసుకోండి. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, రాజీ మెమో, తీర్పు ఒకే ఫైల్లో పెట్టి, ఏం జరిగిందో మీ అబ్బాయి చేత ఒక పేజీలో తేదీలతో రాయించండి. ఏ ఇంటర్వ్యూలో అడిగినా వాడు ఆ పేజీలో ఉన్నదే చెప్పాలి.