పచ్చిక మీద ఆట రాయబోయే అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. బడిలో ఒడియా చదువుకున్నానని, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నానని, తప్పులుంటే దిద్దమని అడిగావు. నీ వాక్యం బాగుంది, భాష జోలికి పోను. దిద్దవలసింది ఆటను చూసిన తీరులో ఉంది.

ఫెదరర్, జొకోవిచ్, నాదల్, అల్కరాజ్, సినర్ అనే టెన్నిస్ ఆటగాళ్ల పేర్లతో పట్టిక గీసి సర్వీస్‌కు (ఆట మొదలుపెట్టే దెబ్బ), రిటర్న్‌కు (దానికి తిరుగు దెబ్బ), వాలీకి (బంతి నేల తాకకముందే కొట్టేది) పదికి ఇన్నని మార్కులు వేశావు. ఆ పట్టిక తీసెయ్యమ్మా. ఎర్రమట్టి మీద ఎదుటివాణ్ని వణికించిన దెబ్బే పచ్చిక మీద అతనికి అనువైన బంతి అవుతుంది. అదే పచ్చిక రెండు వారాల వింబుల్డన్ టోర్నీలో మొదటి సోమవారం ఒకలా, రెండో ఆదివారం మరోలా ఉంటుంది. మార్కులు ఆ తేడానంతా మింగేస్తాయి. ఆ దెబ్బను ఆ గడ్డి ఏం చేసిందో రాయి. బలం, బలహీనత వాటంతట అవే బయటపడతాయి.

మన వైపు పాఠకుల్లో పచ్చిక కోర్టు మీద కాలు పెట్టినవారు అరుదు. కానీ ధనుర్మాసం పొద్దున మంచుకు తడిసిన మైదానంలో క్రికెట్ ఆడినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. పడిన బంతి పైకి లేవకుండా మోకాలి కింద నుంచి జారిపోవడం వాళ్లకు బాగా తెలుసు. అక్కణ్ణుంచి మొదలుపెడితే ఫెదరర్ స్లైస్ బ్యాక్‌హ్యాండ్ (చేతి వెనకవైపు నుంచి బంతిని కోసినట్టు కొట్టే దెబ్బ) ఎంత పొడవాటి ప్రత్యర్థినైనా ఎందుకు అంతగా వంచేదో వేరే వివరించనక్కర్లేదు.

నాదల్‌ను చూడు. పచ్చిక మీద ‘మధ్యస్థం’ అని తేల్చేశావు. 2006, 2007, 2008, 2010, 2011లో వింబుల్డన్ ఫైనల్ ఆడి, అందులో రెండు గెలిచినవాడు మధ్యస్థం ఎలా అవుతాడు? అతనే 2012లో రోసోల్ చేతిలో రెండో రౌండ్‌లో, 2013లో డార్సిస్ చేతిలో మొదటి రౌండ్‌లో, 2015లో డస్టిన్ బ్రౌన్ చేతిలో మళ్లీ రెండో రౌండ్‌లో ఓడాడు. ఆ ముగ్గురిలో ఒక్కరికీ అప్పట్లో తొలి 99 ర్యాంకుల్లో చోటు లేదు. మూడు ఓటములూ మొదటి వారంలోనివే. అప్పుడు గడ్డి పచ్చిగా, నున్నగా ఉంటుంది. మట్టి మీద భుజం దాకా ఎగిరే అతని టాప్‌స్పిన్ (ముందుకు దొర్లేలా తిప్పి కొట్టే బంతి) అక్కడ నడుము దగ్గరే ఆగిపోతుంది, నేరుగా బాదేవాడికి అంతకంటే ఏం కావాలి! రిటర్న్‌కు బాగా వెనక్కి వెళ్లి నిలబడే అలవాటు కూడా వేగంగా జారే సర్వీస్ ముందు చేటు చేస్తుంది. రెండో వారానికి బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) దగ్గర గడ్డి అరిగి, కింది నేల గట్టిపడి, బంతి కాస్త లేవడం మొదలవుతుంది. అక్కడి దాకా బతికి బయటపడిన నాదల్ వేరే మనిషి. మోకాళ్లు పెట్టిన బాధ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంత కథను ‘మధ్యస్థం’ అనే ఒక్క మాటలో ఎలా ఇరికిస్తావు?

నేల కూడా ఎప్పుడూ ఒకటి కాదు. వింబుల్డన్ గడ్డిలో ఒకప్పుడు 70 శాతం రై, 30 శాతం ఫెస్క్యూ అనే గడ్డిజాతులు ఉండేవి. 2001 నుంచి పూర్తిగా రై గడ్డే వేసి, 8 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తున్నారు. నేలనూ గట్టిపరిచారు. 2001 ఫైనల్ ఇవానిసెవిచ్, రాఫ్టర్‌ల మధ్య, ఇద్దరూ సర్వీస్ చేసి నెట్‌కు పరుగెత్తేవారే. మరుసటి ఏడు ఫైనల్ హెవిట్, నల్బాండియన్‌ల మధ్య, ఇద్దరూ బేస్‌లైన్ వదలనివారే. 1990ల నాటి సాంప్రాస్ కాలపు కోర్టు ఫోటో, ఈనాటి ఫోటో పక్కపక్కన పెట్టుకో. అప్పుడు నెట్ వైపు వెళ్లే దారంతా గడ్డి లేచిపోయి ఉండేది. ఇప్పుడు బేస్‌లైన్ వెంట మాత్రమే మట్టి తేలుతుంది. కాబట్టి సాంప్రాస్ ఏడు టైటిళ్లనూ జొకోవిచ్ ఏడింటినీ ఒకే తక్కెడలో తూచి ‘సమానం’ అనకు.

అంకెలు వద్దనడం లేదు, ఒంటరిగా వదలొద్దంటున్నాను. 2019 ఫైనల్‌లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. ఏస్‌లు (ఎదుటివాడు తాకలేని సర్వీస్‌లు) ఫెదరర్‌వి 25, జొకోవిచ్‌వి 10. ఓడినవాడు ఫెదరర్! అయిదో సెట్‌లో 8-7 గేములతో, 40-15 పాయింట్లతో ముందుండగా సర్వీస్ అతని చేతిలోనే ఉంది. మొదటి మ్యాచ్ పాయింట్ (గెలిస్తే మ్యాచ్ ముగిసే పాయింట్) మీద ఫోర్‌హ్యాండ్ బయటికి పోయింది. రెండో దాని మీద నెట్‌కు వచ్చాడు, జొకోవిచ్ కోర్టుకు ఐమూలగా కొట్టిన ఫోర్‌హ్యాండ్ పక్కనుంచి వెళ్లిపోయింది. జొకోవిచ్ గెలిచిన మూడు సెట్లూ టైబ్రేక్‌లే (సెట్ సమానమైనప్పుడు తేల్చడానికి ఆడేవి). నీ వ్యాసంలో ఈ మ్యాచ్‌కు ఒక్క వాక్యం దక్కింది. నేనైతే పేజీ ఇస్తాను.

సినర్, అల్కరాజ్‌ల సంగతి తొందరపడకు. 2025 ఫైనల్లో అల్కరాజ్‌ను సినర్ ఓడించడం ఒక్కటి చూసి పచ్చిక మీద సినరే గొప్ప అనేశావు. అంతకుముందు రెండేళ్లూ జొకోవిచ్‌ను ఫైనల్లో ఓడించిన అల్కరాజ్‌ను మరిచిపోయావు.

అమ్మాయిల ఆటను చివర్లో రెండు లైన్లకు నెట్టావు, నాకు అది నచ్చలేదు. స్వియాటెక్‌కు పచ్చిక పడదని ఏళ్ల తరబడి రాశారు. కారణం లేకపోలేదు: ఆమె ఫోర్‌హ్యాండ్‌కు చెయ్యి బాగా వెనక్కి వెళ్లాలి, కిందుగా జారే బంతి ఆ వ్యవధి ఇవ్వదు. కానీ 2018లో వింబుల్డన్ జూనియర్ విజేత ఆమే. 2025లో ఎర్రమట్టి మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లోనే ఓడడంతో పచ్చికకు అలవాటుపడే రోజులు మునుపటికంటే ఎక్కువ దొరికాయి. బాడ్ హోంబర్గ్ పచ్చిక టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లి, ఆ వెంటనే వింబుల్డన్ ఫైనల్‌లో అనిసిమోవాను 6-0, 6-0తో ఓడించింది. బలహీనత అని రాసేముందు, దాన్ని సరిచేసుకునే సమయం ఆమెకు చిక్కిందా అని అడగాలి.

మన దేశపు ఆటగాడు రామనాథన్ కృష్ణన్ గురించి కూడా చదువు. పెద్ద సర్వీస్ లేని మనిషి 1960, 1961లో వరుసగా వింబుల్డన్ సెమీస్‌కు చేరాడు, రెండోసారి దారిలో రాయ్ ఎమర్సన్‌ను ఓడించాడు. పచ్చిక మీద సర్వీసే సర్వస్వం అన్న నీ మొదటి పేరా ఆయన ముందు నిలబడదు.

వచ్చే వింబుల్డన్‌లో మొదటి మంగళవారం బయటి కోర్టు మ్యాచ్ ఒకటి ఎంచుకో. మన సమయం ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతాయి. బంతి వెంట కళ్లు తిప్పకుండా రిటర్న్ చేసేవాళ్ల పాదాలు చూడు: ఎంత వెనక నిలబడ్డారు, ఎక్కడ జారారు, ఎన్నోసారికి ముందుకు జరిగారు. ఆటగాడి పేరు పెద్దదా చిన్నదా అని చూడకు, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టు. అంతకంటే ముందు స్వియాటెక్ గురించి ఆ రెండు లైన్లను పేరాగా తిరగరాసి పంపు. దాన్ని చూశాక మిగతా వ్యాసం గురించి రాస్తాను.

అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ శ్రేయోభిలాషి