పేపరు ఎందుకు పల్చబడింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం దినపత్రికల గురించే. ఒకే మాట అడిగినవాటిని కలిపేసి ఐదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లుగా పేపరు వేయించుకుంటున్నాను. ఒకప్పుడు రెండు రూపాయలకు చేతినిండా వచ్చేది. ఇప్పుడు ధర మూడింతలు దాటింది, పేపరేమో అప్పడంలా ఉంది. ఇది దోపిడీ కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ఇంట్లో గ్రాముల తూకం ఉంటే ఇవాళ్టి పేపరును దాని మీద పెట్టి చూడండి. నాలుగు పేజీల షీటు విప్పితే అడ్డం 68, నిలువు 54 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చదరపు మీటరుకు 45 గ్రాముల న్యూస్‌ప్రింటు, అంటే పేపరు అచ్చేసే కాగితం, అయితే ఆ షీటు 16, 17 గ్రాములు తూగుతుంది. 12 పేజీలకు 50 గ్రాములు, 24 పేజీలకు 100. టన్ను 60 వేలనుకుంటే గ్రాము ఆరు పైసలు. అంటే 12 పేజీలకు ఒట్టి కాగితమే 3 రూపాయలు, 24 పేజీలకు 6. సిరా, ప్లేట్లు, కరెంటు, వ్యాన్లు, జీతాలు దీనికి అదనం. ధరలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఏజెంటుకు పోతుంది కాబట్టి 7 రూపాయల పేపరు మీద సంస్థకు ముట్టేది 5 రూపాయలే.

మీరన్న రెండు రూపాయల రోజుల్లో కాగితం ఖర్చే ధరను మించి ఉండేది. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో, రంగుల పేజీలతో 2 రూపాయలకే మార్కెట్లోకి దిగింది. ధర పెంచితే చందాదారు జారిపోతాడన్న భయం మిగతా పత్రికలకు పట్టుకుంది. ఆ నష్టాన్ని పూడ్చింది బంగారం కొట్లు, కాలేజీలు, వెంచర్ల ప్రకటనలు. మనం చదివిన పేపరుకు డబ్బు కట్టింది వాళ్లు. కాబట్టి దోపిడీ అనడం సరికాదు, మనకు చవక అలవాటు చేశారు, అంతే.

ఆ ప్రకటనలే జారిపోయాయి. ముందు పోయినవి చిన్నవి: అద్దె ఇల్లు, పెళ్లి సంబంధం, పాత బైకు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక పెద్దవీ అదే దారి పట్టాయి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కొత్తగా బట్టల కొట్టు తెరిచినాయన జిల్లా అంతా తిరిగే ప్రకటనకు చదరపు సెంటీమీటరు లెక్కన ఎందుకు కడతాడు? కొట్టు చుట్టూ ఐదు కిలోమీటర్లలో ఉన్న ఫోన్లకు మాత్రమే కనిపించేలా కొన్ని వందలతో పని జరిగిపోతుంది, ఎంతమంది చూశారో సాయంత్రానికి లెక్కా వస్తుంది.

దానికి తోడు కాగితం. 2019 జులై బడ్జెట్‌లో న్యూస్‌ప్రింటు దిగుమతిపై 10 శాతం సుంకం వేసి, మరుసటి ఫిబ్రవరిలో 5కు దించారు. విదేశాల్లో కొన్ని మిల్లులు న్యూస్‌ప్రింటు మానేసి అట్టపెట్టెల కాగితానికి మళ్లాయి. రష్యా యుద్ధంతో అక్కడినుంచి సరఫరా చిక్కుల్లో పడింది. 2020లో టన్ను 400 డాలర్ల లోపున్న సరుకు 2022కి 900 దాటింది. మన దేశపు మిల్లులకు ముడిసరుకు చాలావరకు మనం తూకానికి వేసే పాత పేపర్లే. కరోనాలో జనం పేపరు మానేసేసరికి పాత పేపరుకూ కరువొచ్చింది. పేజీలు తగ్గించడం తప్ప యాజమాన్యాలకు వేరే దారి దొరకలేదు.

ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసులో పెట్టిన స్వరాజ్య పత్రిక కూడా అప్పుల్లోనే మునిగింది. పేపరు చందా మీద బతకదన్నది మన ప్రాంతానికి ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

ప్రశ్న: నా లైన్‌లో 100 ఇళ్లుండేవి, ఇప్పుడు 55. పేపరు వేసే కుర్రాళ్లు నిలవడం లేదు. ఏజెన్సీ వదిలేయమంటారా?
– ఏజెంటు, సింగరాయకొండ

జవాబు: వదిలే ముందు ఈ లెక్క చూడండి. కాపీకి 2 రూపాయలు మిగిలితే 100 ఇళ్ల మీద నెలకు 6,000. అబ్బాయికి 3,000, పెట్రోలుకు 700 పోగా 2,300 మీవి. 55 ఇళ్లయితే వచ్చేది 3,300. అబ్బాయీ పెట్రోలూ ఏమీ తగ్గవు, ఎందుకంటే వీధి పొడవు మారలేదు. నెలకు 400 చేతినుంచి పడుతుంది. పాఠకుడు పోవడం కన్నా ఇళ్ల మధ్య దూరం పెరగడమే మిమ్మల్ని ముంచుతోంది. పక్కింటాయన మానేస్తే మిగిలినాయనకు పేపరు చేర్చే ఖర్చు పెరుగుతుంది, ఆలస్యమవుతుంది, ఆయనా మానేస్తాడు.

అందుకే పేర్లు పక్కనపెట్టి, మీ వీధుల్లో తిరిగే మిగతా పత్రికల ఏజెంట్లతో కూర్చోండి. ఒక వీధికి ఒకే అబ్బాయి అన్ని పేపర్లూ వేయాలి, జీతం కాపీల లెక్కన పంచుకోవాలి. ఊరి చివర నాలుగిళ్ల కోసం మూడు కిలోమీటర్లు పోకుండా పాల కేంద్రం దగ్గరో టీకొట్టు దగ్గరో పెట్టండి. ఆ ఇళ్లవాళ్లతో ముందే మాట్లాడాలి సుమా, చెప్పకుండా మారిస్తే పోతారు. డబ్బు నెలాఖరుకు కాకుండా మొదటి వారంలోనే వసూలు చేయండి, రసీదు మీద క్యూఆర్ కోడ్ అచ్చేయించండి. ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్ల బాకీయే మీ లాభాన్ని తినేది. కట్ట విప్పగానే లెక్కపెట్టి, తక్కువొస్తే ఆ ఉదయమే పత్రిక సర్క్యులేషన్ (పంపిణీ) విభాగం వాళ్లకు చెప్పాలి. మర్నాడు చెబితే ఎవరూ వినరు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలు. న్యూస్‌ప్రింటు నీటిని బ్లాటింగు కాగితంలా పీల్చుకుంటుంది, తడిస్తే పేజీలు అతుక్కుంటాయి. ఆ మూడు నెలలు కవరు ఖర్చు ముందే వేసుకోండి. పేపరు మాత్రం ఆరింటి లోపు పడాలి. ఏడు దాటితే ఫోన్లో చదివేసిన వార్తే గుమ్మంలో పడుతుంది.

ప్రశ్న: మా మండలం వార్త పేపర్లో కనబడటమే లేదు. విలేకరి ఉన్నాడు, వార్త లేదు.
– రైతు, కలిగిరి

జవాబు: మీ మండలంలోని దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడింది 1992లో. ఆ కబురు ఊరూరా పాకడానికి ఓ కారణం జిల్లా పేజీలు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. ఉద్యమం సాగిసాగి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది.

జిల్లా పేజీకి ఖర్చెక్కువ. రంగుల పేజీకి నాలుగు రంగులకు నాలుగు అల్యూమినియం ప్లేట్లు కావాలి. పేజీ మారితే మళ్లీ నాలుగు. మిషను ఆపి ప్లేట్లు మార్చి, రంగులు కుదిరేదాకా నడిపిన కాపీలన్నీ చిత్తుకే. 50 వేల కాపీలయితే ఆ ఖర్చు తెలియదు, 5 వేలయితే మోయలేరు. 2020 లాక్‌డౌన్‌లో పలు పత్రికలు విడి టాబ్లాయిడ్ (చిన్న సైజు జిల్లా అనుబంధం) మానేసి జిల్లా వార్తల్ని ప్రధాన సంచికలోనే సర్దాయి. మండల విలేకరికి జీతం ఉండదు, లైన్ అకౌంటు కింద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, వచ్చేది బస్సు చార్జీలకే చాలదు. పైగా ప్రకటనల టార్గెట్. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో వాళ్ల మీదే వార్త రాయాలి. ఎలా రాస్తాడు? ఢిల్లీ వార్త ఫోన్లో దొరుకుతుంది, కలిగిరి చెరువు తూము సంగతి దొరకదు. తన దగ్గర మాత్రమే దొరికే సరుకును పత్రిక ముందుగా వదిలేసుకుంది. మా లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

ప్రశ్న: ఏ పత్రికకు ఎంత సర్క్యులేషన్ అన్నది నమ్మొచ్చా?
– జర్నలిజం విద్యార్థిని, ఒంగోలు

జవాబు: 1948 నుంచి ఉన్న ఏబీసీ (ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్) ఆరు నెలలకోసారి, డబ్బు కట్టి కొన్న కాపీల్ని తనిఖీ చేస్తుంది. దాని లెక్క నమ్మొచ్చు. కానీ సభ్యులైన పత్రికలకే, కరోనా సమయంలో తనిఖీ ఆగింది కూడా. కొన్నది ఎవరన్నది విడిగా చూడాలి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు దినపత్రిక కొనడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చేలా ఉత్తర్వులిస్తే వ్యవహారం కోర్టులకెక్కింది. చదివేవారి సంఖ్య చెప్పే ఐఆర్ఎస్ (ఇండియన్ రీడర్‌షిప్ సర్వే) 2019 తర్వాత ఏళ్ల తరబడి రాలేదు. కాబట్టి ‘పాఠకుల సంఖ్య’ అని ఎవరైనా చెబితే ఏ సంవత్సరానిదో అడగండి.

ప్రశ్న: పేపరు మానేస్తే నాకు నష్టమేమైనా ఉందా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: భూమి, అప్పు, కోర్టు వ్యవహారం ఉంటే ఉంది. 2013 భూసేకరణ చట్టం కింద తొలి ప్రకటన రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో రావాలి. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులే గడువు. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటే ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో వేయాలి. సమన్లు అందనప్పుడు కోర్టు పేపరు ప్రకటనతో సరిపెట్టవచ్చు, చూడలేదంటే కుదరదు. మీకు సంబంధించిన ప్రకటన కనబడితే ముక్క కత్తిరించకండి, ఆ రోజు పేపరు మొత్తం దాచండి. కత్తిరించిన ముక్కలో తేదీ, ఎడిషన్ పేరు ఉండవు.