డిజీనెస్ అన్నా వెర్టిగో అన్నా ఒకటేనా?

ప్రశ్న: నా వయసు 58. బీపీకి మందులు వాడుతున్నాను. ఏడాది కిందట ఒక డాక్టరు గారు చీటీలో వెర్టిగో అని రాశారు, మొన్న ఇంకొకరు డిజీనెస్ అని రాశారు. రెండూ ఒకటేనా? పాత చీటీలోని తల తిరుగుడు మాత్రలే ఇప్పటికీ వేసుకుంటున్నాను. మంచం మీంచి లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి.

జవాబు: ఒకటి కాదండీ. గది, ఫ్యాను గిర్రున తిరుగుతున్నట్టో, మీరే తిరుగుతున్నట్టో ఉంటే అది వెర్టిగో. డిజీనెస్ పెద్ద గంప లాంటి మాట, తూలడం, తల తేలిపోవడం, కళ్లు బైర్లు కమ్మడం, ఆ వెర్టిగో కూడా అన్నీ అందులో వేసేస్తాం. మన 'కళ్లు తిరుగుతున్నాయి' కూడా అంతే, అందుకే ఎవరైనా ఆ మాట అనగానే 'తిరిగేది గదేనా, మీరేనా, లేక ఏదీ తిరక్కుండానే పడిపోతారేమో అనిపిస్తోందా?' అని అడుగుతాను.

నాకు గుచ్చుకున్నవి మాత్రం మీ చివరి రెండు వాక్యాలు. ఏడాదిగా అవే మాత్రలా? ఇవి సాధారణంగా కొద్ది రోజులకు రాసే మందులు. పేరు రాయలేదు గానీ సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివైతే నెలల తరబడి వాడినవాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం వంటి పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చు. పైగా ప్రోక్లోర్‌పెరజిన్ బీపీని దించుతుంది, మీకేమో లేవగానే చీకట్లు! ఒక డాక్టరు ఒక పూట రాసిన చీటీ జీవితకాలం పాసు కాదు కదా.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసినదాన్ని బట్టి నిలబడగానే బీపీ పడిపోతోందేమోనని నా అనుమానం. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూడమని మీ డాక్టరును అడగండి. పై అంకె 20 లేదా అంతకు మించి తగ్గితే బీపీ మందుల మోతాదు గురించి ఆలోచించాలి, అదీ ఆయనే, మీరు సొంతంగా ఆపేయొద్దు. రక్తహీనత, షుగరు కూడా చూడాలి, ఈసీజీ తీయాలి. అలా కాక పక్క మీద అటూ ఇటూ దొర్లినప్పుడే కొన్ని సెకన్లు గిర్రున తిరిగి ఆగిపోతుంటే లోపలి చెవిలో కాల్షియం రేణువులు జారి ఉండొచ్చు, దానికి మాత్రల కన్నా డాక్టరు తలను ఒక వరుసలో తిప్పి చేసే ఎప్లీ పద్ధతే నయం.

తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒక్కటి రెండుగా కనపడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, అడుగు వేయలేకపోవడం ఉంటే మళ్లీ నాకు రాస్తూ కూర్చోకండి, ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లండి. మామూలుగా వెళ్లేటప్పుడు మాత్రం వాడుతున్న మాత్రలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, పట్టుకెళ్లండి.